రివర్స్ వేస్తే స్క్రీన్ మారడం లేదు: వ్యాగన్ ఆర్, ఆండ్రాయిడ్ స్టీరియో, విడిగా కొన్న కెమెరా

వడ్డేపల్లి_వ్యాగన్
2017 వ్యాగన్ ఆర్, మాన్యువల్ గేర్. దసరాకి తొమ్మిదంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించాను, అది బాగానే నడుస్తోంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో రివర్స్ కెమెరా తెప్పించి నేనే బిగించాను. హన్మకొండ చౌరస్తాలో అడిగితే కెమెరా ధర కన్నా బిగింపు కూలీ ఎక్కువ చెప్పారు. అందుకే ఈ సాహసం.

కెమెరా ఎర్ర వైరును రివర్స్ బల్బు వైరుకి, నల్ల వైరును బాడీ స్క్రూకి కలిపాను. పసుపు పిన్ను ఉన్న పొడుగు కేబుల్‌ను డిక్కీ నుంచి డోర్ల కింద ప్లాస్టిక్ పట్టీల లోపలగా ముందుకు తెచ్చి స్టీరియో వెనక గుచ్చాను. రివర్స్ వేస్తే ఏమీ జరగడం లేదు. పాట పాడుతూనే ఉంది, మ్యాప్ అలాగే ఉంది. వెనక బల్బు మాత్రం వెలుగుతోంది. చచ్చిన కెమెరా అంటగట్టారంటారా? రిటర్న్‌కి గురువారం దాకే టైము, టెన్షన్‌గా ఉంది.

పోరడు_హుజూరాబాద్
రిటర్న్ పెట్టెయ్ అన్నా. ఆన్‌లైన్ కెమెరాలు సగం గిట్లనే వస్తాయి.

బొలెరో_భాయ్_ములుగు
మెడ తిప్పి వెనక్కి చూడండి. దానికి వైరింగ్ అక్కర్లేదు, రిటర్న్ పాలసీ కూడా లేదు.

మల్టీమీటర్_మామ
తొందరపడి రిటర్న్ పెట్టకండి. కెమెరా పాడైతే స్క్రీన్ మారుతుంది, కానీ నల్లగానో నీలంగానో ఉండి "సిగ్నల్ లేదు" అని చూపిస్తుంది. మీకు స్క్రీనే మారడం లేదు. అంటే మీరు రివర్స్ వేసిన సంగతి స్టీరియోకి తెలియడం లేదు. పసుపు పిన్ను తెచ్చేది బొమ్మను మాత్రమే. రివర్స్ పడిందన్న కబురు వేరే వైరులో రావాలి.

మీ పొడుగు కేబుల్ రెండు చివర్లా పసుపు పిన్ను పక్కనుంచి సన్నటి ఎర్ర వైరు ఒకటి బయటికి వచ్చి ఉంటుంది, చూడండి. అది ఊరికే పెట్టింది కాదు. వెనక చివర కెమెరా ఎర్ర వైరుతో పాటే రివర్స్ బల్బు ప్లస్‌కి కలవాలి. ముందు చివర స్టీరియో వైర్ల గుత్తిలో "బ్యాక్" అనో "రివర్స్" అనో చీటీ ఉన్న వైరుకి కలవాలి. గేరు పడగానే బల్బుకి వచ్చే 12 వోల్టులు ఆ సన్న వైరులో ముందుకొచ్చి స్టీరియోను లేపుతాయి. పయొనీర్, సోనీ సెట్లలో ఆ వైరు ఊదా రంగు మీద తెల్ల గీతతో ఉంటుంది. చైనా ఆండ్రాయిడ్ సెట్లలో రంగుకి నియమం లేదు, చీటీ చదవాల్సిందే.

వడ్డేపల్లి_వ్యాగన్
ఆ సన్న ఎర్ర వైరు రెండు వైపులా ఖాళీగానే ఉంది! యాంటెన్నా లాంటిదేమో అనుకుని టేపు చుట్టి లోపల దోపాను. పెట్టెలో ఇచ్చిన కాగితంలో దాని గురించి ఒక్క ముక్క లేదు.

స్కూటీ_టు_కార్
ఆ కాగితంలో ఉండేది కెమెరా బొమ్మ, బాణం గుర్తు, "థాంక్యూ ఫర్ బయింగ్". అంతే 😄

పోరడు_హుజూరాబాద్
అయితే రిటర్న్ పెట్టకు అన్నా 🙏 ముందు బల్బు దగ్గర టెస్టర్ పెట్టి కరెంటు వస్తుందో లేదో చూసుకో.

మల్టీమీటర్_మామ
@పోరడు_హుజూరాబాద్ ఏ టెస్టర్ తమ్మీ? ఇంట్లో ప్లగ్గులో గుచ్చి చూసే నియాన్ టెస్టర్ 12 వోల్టులకి వెలగదు. అది వెలగలేదని వైరులో కరెంటు లేదనుకుని కారంతా విప్పినవాళ్లను చూశాను. మల్టీమీటర్ ఉంటే డీసీ 20 వోల్టుల మీద పెట్టి చూడాలి. లేదంటే కారు బల్బుకి రెండు వైర్లు తగిలించి టెస్ట్ ల్యాంపు చేసుకోవచ్చు. అయితే టెస్ట్ ల్యాంపును ఎయిర్‌బ్యాగ్ వైర్ల దగ్గరికి తీసుకుపోవద్దు. పసుపు తొడుగు, పసుపు కనెక్టర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది. దాని జోలికే పోవద్దు.

చూసే పద్ధతి: హ్యాండ్ బ్రేకు లాగండి, ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లో ఉంచండి, రివర్స్ వేయండి. బల్బు హోల్డరు వెనకున్న వైర్లలో ఒకదాంట్లో 12 చిల్లర వోల్టులు రావాలి, గేరు తీస్తే సున్నా కావాలి. గేరు తీసినా 12 చూపిస్తే అది వేరే బల్బు వైరు. వెనక లైటు ఒకే డబ్బాలో బ్రేకు, ఇండికేటరు, పార్కింగ్, రివర్స్ అన్నీ ఉంటాయి కాబట్టి పొరపడడం తేలిక. కొన్ని కార్లలో రివర్స్ బల్బు ఒక పక్కే ఉంటుంది, అదీ గుర్తుంచుకోండి.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్
మామ చెప్పినదానికి చిన్న చేర్పు. వెనక లైటు విప్పకముందే స్టీరియోను పరీక్షించొచ్చు. "బ్యాక్" వైరును ఏసీసీ వైరుకి (తాళం తిప్పితేనే కరెంటొచ్చే వైరు), మధ్యలో ఒక ఆంపు ఫ్యూజు పెట్టి, ఒక్కసారి తాకించండి. స్క్రీన్ కెమెరా పేజీకి మారితే స్టీరియో మంచిదే. మారకపోతే సెట్టింగ్స్‌లో రివర్స్ కెమెరా ఆఫ్‌లో ఉండొచ్చు.

సుబేదారి_సార్
నాదొక సందేహం. కెమెరాకి కరెంటు రివర్స్ బల్బు నుంచే ఎందుకు తీసుకోవాలి? ఏసీసీ నుంచి ఇస్తే కెమెరా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. రివర్స్ సంకేతం ఒక్కటే బల్బు నుంచి తెచ్చుకోవచ్చు. నా కారులో అలాగే చేయించాను. హంటర్ రోడ్డులో పోతూ వెనక ఎవరు అంటుకుని వస్తున్నారో ఓ బటన్ నొక్కి చూస్తుంటాను.

మల్టీమీటర్_మామ
చేయొచ్చు సార్. కానీ ఏసీసీ వైరును ముందు నుంచి వెనకదాకా విడిగా లాగాలి. కెమెరా కారు నడిచినంతసేపూ వేడెక్కుతూ ఉంటుంది. మన మే నెల ఎండలో డిక్కీ మీద నల్ల ప్లాస్టిక్ ఎంత కాలుతుందో మీకు చెప్పక్కర్లేదు. చౌక కెమెరాలు దానికి తట్టుకోవు.

సుబేదారి_సార్
కెమెరా లాగేది ఒక వాట్, రెండు వాట్లు. దానివల్ల వచ్చే వేడి ఎండ ముందు ఏపాటి? ఎండకి పోయేదైతే ఆఫ్‌లో ఉన్నా పోతుంది.

మల్టీమీటర్_మామ
లెక్క ప్రకారం మీరు చెప్పింది నిజమే. షాపుకి వచ్చే కెమెరాల ప్రకారం నేను చెప్పింది నిజం. ఎవరి డిక్కీ వాళ్లిష్టం.

జర్మన్_కారు_బాధితుడు
సార్ పద్ధతి నా కారుకి తప్పనిసరి అయింది. బల్బు పోయిందో లేదో కంప్యూటరే కనిపెట్టే కార్లలో రివర్స్ బల్బుకి కరెంటు ఒక్క తీరుగా రాదు, పల్సుల్లో వస్తుంది. బల్బుకి ఆ తేడా కంటికి ఆనదు, కెమెరా మాత్రం ప్రతి పల్సుకీ ఆరి వెలుగుతుంది. గేరు వేయనప్పుడు కూడా బల్బు బాగుందా అని మధ్యలో చిన్న పల్సు పంపి చూస్తుంది. నేను ఇంకా న్యూట్రల్‌లో ఉండగానే స్క్రీన్ టక్కున కెమెరాకి మారి మళ్లీ పాటకి వచ్చేది. దయ్యం పట్టిందని మా అమ్మ నిమ్మకాయ కట్టింది.

స్కూటీ_టు_కార్
నిమ్మకాయతో తగ్గిందా?

జర్మన్_కారు_బాధితుడు
తగ్గలేదు. రిలేతో తగ్గింది.

పోరడు_హుజూరాబాద్
రిలే ఎట్ల కలపాలి అన్నా? మా బావ కారు కూడా జర్మన్‌దే, గట్లనే చేస్తోంది.

జర్మన్_కారు_బాధితుడు
మామూలు నాలుగు కాళ్ల 12 వోల్టుల కారు రిలే, అంటే ఒక వైరులో కరెంటొస్తే ఇంకో వైరును కలిపే స్విచ్చు. 85, 86 కాళ్లు రివర్స్ బల్బు ప్లస్, మైనస్‌లకి. 30వ కాలుకి ఏసీసీ నుంచి ఫ్యూజు మీదుగా కరెంటు. 87 నుంచి కెమెరాకీ, సన్న ఎర్ర వైరుకీ. అలా చేస్తే కెమెరాకి వెళ్లేది శుభ్రమైన కరెంటు. అయితే పల్సులకి రిలే కూడా టిక్కు టిక్కు మంటుంది. దానికి ముందు ఒక డయోడు, కరెంటును కాసేపు పట్టి ఉంచే కెపాసిటర్ ఒకటి పెడితే ఊరుకుంటుంది. ఆ తలనొప్పి వద్దనుకుంటే కెమెరా ఫిల్టర్ అని చిన్న డబ్బా దొరుకుతుంది, బల్బుకీ కెమెరాకీ మధ్య పెట్టేది. వ్యాగన్ ఆర్‌కి ఇవేవీ అక్కర్లేదు, దాని వైరింగ్ సాదాసీదా.

వడ్డేపల్లి_వ్యాగన్
అప్‌డేట్. రెండు చివర్లా సన్న వైరు కలిపాను. "బ్యాక్" చీటీ దొరికింది, గులాబీ రంగు వైరు. రివర్స్ వేయగానే స్క్రీన్ మారింది! కానీ నల్లగా ఉంది, పైన "నో సిగ్నల్". సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు.

బొలెరో_భాయ్_ములుగు
మెడ ఇప్పటికీ అందుబాటులోనే ఉంది.

మల్టీమీటర్_మామ
సంతోషించండి, సగం పని అయింది. ఇక పసుపు పిన్ను సంగతి. స్టీరియో వెనక పసుపు రంగు సాకెట్లు ఒకటి కన్నా ఎక్కువ ఉంటాయి. ఒకటి వీడియో అవుట్, అంటే వెనక సీటు టీవీకి పంపేది. ఇంకొకటి ఏవీ ఇన్, అంటే బయటి నుంచి బొమ్మ తీసుకునేది. కెమెరాది వేరు, దాని మీద "కామ్" అనో "సీసీడీ" అనో ఉంటుంది. మీది ఎందులో ఉంది?

వడ్డేపల్లి_వ్యాగన్
సీసీడీలోనే ఉంది. రెండుసార్లు చూశాను.

ఇందూరు_పసుపు
కెమెరా పెట్టె మీద ఏహెచ్‌డీ అని ఉందా?

వడ్డేపల్లి_వ్యాగన్
ఉంది. "ఏహెచ్‌డీ 720పీ" అని పెద్ద అక్షరాలు. హెచ్‌డీ అంటే మంచిదే కదా అని అదే కొన్నాను.

ఇందూరు_పసుపు
అదీ సంగతి. కెమెరా సిగ్నల్ ఎక్కువగా రెండు రకాలు. పాతది సీవీబీఎస్, మన పాత టీవీలకి డీవీడీ ప్లేయర్ నుంచి పసుపు వైరులో పోయేది అదే. కొత్తది ఏహెచ్‌డీ. పిన్ను, కేబుల్ చూడ్డానికి ఒకటే, లోపల పోయే సిగ్నల్ మాత్రం వేరు. స్టీరియో సీవీబీఎస్ కోసం చూస్తుంటే ఏహెచ్‌డీ కెమెరా పెడితే నల్ల స్క్రీనో, అడ్డగీతలో కనిపిస్తాయి.

సెట్టింగ్స్‌లో కెమెరా రకం మార్చే చోటు ఉంటుంది. కొన్ని సెట్లలో అది మామూలు సెట్టింగ్స్‌లో ఉంటుంది, కొన్నింటిలో ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ వెనక దాచి ఉంటుంది. ఆ పాస్‌వర్డ్ సెట్టుకో రకం, స్టీరియో బిగించిన షాపువాళ్లను అడగాలి. అక్కడ ఏహెచ్‌డీ 720పీ 25, ఏహెచ్‌డీ 720పీ 30, 1080పీ 25 ఇలా వరుసగా ఉంటాయి. 25, 30 అంటే సెకనుకి ఎన్ని ఫ్రేములు అని. ఒక్కొక్కటే మార్చి చూడండి. మీ స్టీరియోలో ఏహెచ్‌డీ అసలు లేకపోతే మాత్రం కెమెరా మార్చుకోవాలి.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్
కొన్ని ఏహెచ్‌డీ కెమెరాలకి తోకలో చిన్న వైరు చుట్టు ఉంటుంది, అది కత్తిరిస్తే సీవీబీఎస్‌కి మారుతుంది. కత్తిరించే ముందు కాగితంలో ఏ రంగు దేనికో చూసుకోండి. ఒక్కో కెమెరాకి ఒక్కో తీరు.

వడ్డేపల్లి_వ్యాగన్
కాగితంలో బాణం గుర్తు తప్ప ఏమీ లేదని ఇందాకే అనుకున్నాం కదన్నా.

సుబేదారి_సార్
కారు బయట కెమెరాను పరీక్షించే దారి ఒకటి ఉంది. ఇంట్లో వైఫై రౌటర్ అడాప్టర్ చాలావరకు 12 వోల్టులదే, మీద రాసి ఉంటుంది చూడండి. దాంతో కెమెరాకి కరెంటిచ్చి పసుపు పిన్నును టీవీ ఏవీ సాకెట్‌కి పెట్టండి. సీవీబీఎస్ కెమెరా అయితే టీవీలో బొమ్మ వస్తుంది. ఏహెచ్‌డీ అయితే సరిగా రాదు, రాలేదని కెమెరా పోయిందనుకోవద్దు. ప్లస్, మైనస్ తారుమారు చేస్తే మాత్రం నిజంగానే పోతుంది.

వడ్డేపల్లి_వ్యాగన్
వచ్చింది!!! ఏహెచ్‌డీ 720పీ 25 పెట్టగానే బొమ్మ వచ్చింది. పక్కింటి గేటు, కోడిపెట్ట, అన్నీ. కానీ రెండు కొత్త సమస్యలు. ఒకటి, కుడిపక్కన ఉన్న కోడి స్క్రీన్‌లో ఎడమపక్క కనిపిస్తోంది. రెండు, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బొమ్మ శుభ్రంగా ఉంది, స్టార్ట్ చేస్తే అలల్లాంటి గీతలు పైకి పాకుతున్నాయి. యాక్సిలరేటర్ నొక్కితే గీతలు జోరందుకుంటున్నాయి.

స్కూటీ_టు_కార్
కోడికి శుభాకాంక్షలు. ఆదివారం దాకా క్షేమంగా ఉండాలని కోరుకుంటున్నాను.

మల్టీమీటర్_మామ
మొదటిది తేలిక. వెనక కెమెరా బొమ్మ అద్దంలో చూసినట్టు ఉండాలి. మీ కుడివైపున్నది స్క్రీన్‌లోనూ కుడివైపే రావాలి. మీది ముందు కెమెరా మోడ్‌లో ఉంది. స్టీరియో సెట్టింగ్స్‌లో "మిర్రర్" ఉంటే అది ఆన్ చేయండి, లేకపోతే కెమెరా తోకలోని వైరు చుట్ల సంగతి అదే. చాలా వాటికి రెండు చుట్లుంటాయి, ఒకటి అద్దం బొమ్మకి, ఇంకొకటి స్క్రీన్‌లో దూరం చూపే రంగు గీతలకి. ఇది సరిచేయకుండా బండి వెనక్కి తీయొద్దు. స్టీరింగ్ ఎటు తిప్పాలో బుర్ర తడబడి గోడకి గుద్దుతారు.

రెండోది ఎర్తు గొడవ. ఇంజిన్ నడుస్తుంటే దాంతో పాటు తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి 14 వోల్టుల దాకా వస్తుంది, దాంతో పాటు దాని గుర్రు కూడా వస్తుంది. కెమెరా నల్ల వైరు ఏ స్క్రూకి కలిపారు? దాని కింద పెయింటు ఉంటే ఎర్తు సగం సగమే అందుతుంది. పెయింటు గీకి, రింగు టెర్మినల్ పెట్టి బిగించండి. గీకిన చోట తర్వాత కాస్త గ్రీజు రాయండి, మన వానలకి తుప్పు పట్టకుండా. అప్పటికీ గీతలు పోకపోతే నల్ల వైరును వెనక బాడీకి కాకుండా విడిగా లాగి స్టీరియో ఎర్తు ఉన్న చోటే కలపండి. కెమెరా ఒక చోట, స్టీరియో ఒక చోట ఎర్తయితే రెండింటి మధ్య తేడా వల్ల ఈ పాకుడు గీతలు వస్తాయి.

కరీంనగర్_గ్రానైట్
యాంప్లిఫయర్ ఉందా మీ కారులో? దాని లావు కరెంటు కేబుల్ పక్కనే వీడియో కేబుల్ పోతే కూడా గీతలొస్తాయి. ఒకటి ఎడమ డోర్ల కింద, ఒకటి కుడి డోర్ల కింద వేయాలి.

వడ్డేపల్లి_వ్యాగన్
యాంప్లిఫయర్ లేదన్నా. స్క్రూ మాత్రం తెల్ల పెయింటు మీదే బిగించాను. రేపు పొద్దున గీకుతాను.

పోరడు_హుజూరాబాద్
వైర్లు ఎట్ల కలిపినవ్ అన్నా? మెలి తిప్పి టేపు చుట్టినవా?

వడ్డేపల్లి_వ్యాగన్
అంతే కదా మరి?

మల్టీమీటర్_మామ
అది రెండు ఎండాకాలాలు కూడా ఉండదు. టేపు జిగురు కారి, విడిపోయి, ఎర్ర వైరు బాడీకి తగిలితే రివర్స్ లైటు ఫ్యూజు ఎగురుతుంది. సోల్డర్ చేసి వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి. సోల్డర్ రాకపోతే పటకారుతో నొక్కి బిగించే క్రింప్ కనెక్టర్లు వాడండి. కెమెరా ఎర్ర వైరులో ఒక ఆంపు ఫ్యూజు కూడా వేయండి.

జర్మన్_కారు_బాధితుడు
సోల్డర్ చేసిన చోట వైరు గట్టిపడి, కదులుతుంటే అక్కడే విరుగుతుంది మామా. డిక్కీ తలుపు దగ్గర మాత్రం క్రింపే మంచిది.

మల్టీమీటర్_మామ
అసలు తలుపు మడత దగ్గర అతుకే ఉండకూడదు. తలుపుకీ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలోంచి ఒకే ముక్క వైరు పోవాలి. అందులో దూర్చడానికి ఓపిక కావాలి, కొంచెం సబ్బునీళ్లు రాస్తే జారుతుంది. చాలామంది గొట్టం పక్కనుంచి తలుపు రబ్బరు కిందగా వేస్తారు. రోజూ తలుపు పడీ పడీ వైరు నలుగుతుంది, వాననీళ్లు ఆ సందులోంచే డిక్కీలోకి దిగుతాయి. @వడ్డేపల్లి_వ్యాగన్ మీది ఎటు పోయింది?

వడ్డేపల్లి_వ్యాగన్
రబ్బరు గొట్టంలోంచే. ఒక పూటంతా దానికే పట్టింది, మా ఆవిడ భోజనానికి పిలిచి పిలిచి విసిగి తినేసింది.

స్కూటీ_టు_కార్
నాదో వేరే అనుమానం. ఇప్పుడు కొత్త కార్లకి రివర్స్ కెమెరా తప్పనిసరి అంటున్నారు కదా. మరి పాత కార్లకి పెట్టకపోతే చలాన్ వేస్తారా?

సుబేదారి_సార్
కెమెరా కాదు. మన దగ్గర 2019 జులై 1 తర్వాత తయారైన కార్లకి తప్పనిసరి చేసింది రివర్స్ పార్కింగ్ సెన్సర్లను, అదే వెనక వస్తువు దగ్గర పడితే బీప్ బీప్ మనేది. దాంతో పాటే డ్రైవరు ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు హెచ్చరిక, స్పీడు హెచ్చరిక వచ్చాయి. వెనక కెమెరా తప్పనిసరి అన్నది అమెరికాలో, అక్కడ 2018 మే నుంచి కొత్త కార్లన్నిటికీ ఉండాలి. మీ పాత కారుకి కెమెరా లేదని ఎవరూ ఆపరు.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్
చలాన్ వేరే దానికి పడొచ్చు. నంబర్ ప్లేటు చుట్టూ బిగించే ఫ్రేము కెమెరాలు కొనొద్దు. హై సెక్యూరిటీ ప్లేటును ఊడదీస్తే దాని లాకు రివెట్లు పాడవుతాయి, ఫ్రేము అంచు నంబరును కప్పేస్తుంది. ప్లేటు లైటు పక్కన కూర్చునే చిన్న కెమెరా మేలు.

ఇందూరు_పసుపు
బంపర్‌కి రంధ్రం చేసి బిగించే బటన్ కెమెరా మా ఇంట్లో ఒకటి ఉండేది. కోతి పీక్కుపోయింది. మామిడికాయ అనుకుందో ఏమో.

పోరడు_హుజూరాబాద్
ఇప్పుడు ఆ కోతికి వెనక ఎవరొస్తున్నారో తెలుస్తుంది 😂

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్
మా దగ్గర కోతుల కన్నా బొగ్గు దుమ్ము ఎక్కువ బాధ. రోజూ లెన్స్ తుడవకపోతే సాయంత్రానికి స్క్రీన్ మీద మసక తప్ప ఏమీ ఉండదు. తడిగుడ్డతో అద్దాలని, నంబర్ ప్లేటుని తుడిచేటప్పుడే దాన్నీ ఒక్కసారి తుడవండి. పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. వాటర్ సర్వీసింగ్‌లో పైపు నేరుగా కెమెరా మీద పెట్టనీయొద్దు. కెమెరా పెట్టె మీద రాసే ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా లోపలికి పోదని అర్థం. ప్రెషర్ పైపు దెబ్బకి అది పనిచేయదు, దానికి ఐపీ69కే అని వేరే గ్రేడు ఉంది.

బొలెరో_భాయ్_ములుగు
నిజంగా చెప్తున్నా, కెమెరా నమ్ముకుని వెనక్కి వచ్చేవాళ్లతోనే నాకు భయం. మేడారం జాతరప్పుడు పార్కింగ్ పొలాల్లో చూడండి, స్క్రీన్ చూస్తూ రయ్యిన వెనక్కి వస్తారు. వెనక ట్రాక్టర్ ట్రాలీలోంచి బయటికొచ్చిన ఇనుప సలాకలు కెమెరాకి కనపడవు, అవి కెమెరా కన్నా ఎత్తులో ఉంటాయి. అద్దం పగిలాక తెలుస్తుంది.

మల్టీమీటర్_మామ
భాయ్ ఇన్నాళ్లకి పనికొచ్చే మాట చెప్పాడు. కెమెరా కిందికి చూస్తుంది. నేల మీద ఉన్న పిల్లలు, ఇటుకలు, మోరీ అంచు కనిపిస్తాయి. పైన వేలాడేవి కనపడవు.

స్కూటీ_టు_కార్
@బొలెరో_భాయ్_ములుగు మెడ తిప్పితే కింద పాకే పిల్లాడు కనిపిస్తాడా మరి? మీ బొలెరో వెనక స్పేర్ టైరు ఉంటుంది, దాని వెనక ఏనుగు నిలబడినా కనపడదు.

బొలెరో_భాయ్_ములుగు
ఏనుగైతే అద్దంలో కనిపిస్తుంది లెండి. పిల్లాడి సంగతి ఒప్పుకుంటాను.

ఇందూరు_పసుపు
ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గీతల్ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. అవి ఫలానా ఎత్తులో, ఫలానా వంపులో కెమెరా ఉందనుకుని గీసినవి. మీది కింద బిగిస్తే దూరం లెక్క మారిపోతుంది. వెడల్పు కోణం లెన్స్ కాబట్టి దగ్గరున్నది కూడా దూరంగా కనిపిస్తుంది. బంపర్ నుంచి అర మీటరు, మీటరు, రెండు మీటర్ల దగ్గర సుద్దతో అడ్డగీతలు గీసి స్క్రీన్‌లో ఎరుపు ఎక్కడ పడుతుందో ఒకసారి చూసుకోండి. కొన్ని స్టీరియోల్లో ఆ గీతల్ని వేలితో జరపొచ్చు. కెమెరా ఒక జత, స్టీరియో ఒక జత గీస్తే రెండు జతలు కలిసి ముగ్గులా కనిపిస్తాయి, అప్పుడు ఒకటి ఆపేయాలి.

వడ్డేపల్లి_వ్యాగన్
పెయింటు గీకి రింగు టెర్మినల్ పెట్టాను. గీతలు చాలావరకు పోయాయి, ఏసీ వేసినప్పుడు మాత్రం పలచగా ఒకటి కనిపిస్తోంది. మిర్రర్ స్టీరియో సెట్టింగ్స్‌లోనే ఉంది, కత్తిరింపు అవసరం పడలేదు. ఒకటే లోటు, పొద్దున్నే కారు స్టార్ట్ చేసి వెంటనే రివర్స్ వేస్తే కంపెనీ లోగో తిరుగుతూ ఉంటుంది, కెమెరా రావడానికి అర నిమిషం పడుతోంది.

ఇందూరు_పసుపు
అది ఆండ్రాయిడ్ లేచే టైము. కొన్ని సెట్లు లేవకముందే కెమెరా చూపిస్తాయి, మీది ఆ రకం కాదు. "స్లీప్" లేదా "ఫాస్ట్ బూట్" ఉంటే ఆన్ చేయండి, తాళం తీసినా నిద్రలో ఉండి వెంటనే లేస్తుంది. వారం పాటు కారు తీయకపోతే మాత్రం బ్యాటరీ కొంచెం తింటుంది.

మల్టీమీటర్_మామ
ఆ పలచని గీతకి కెమెరా దగ్గర ప్లస్, మైనస్‌ల మధ్య 1000 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్ ఒకటి పెట్టండి. మైనస్ గుర్తున్న కాలు మైనస్‌కే పోవాలి, తిరగేస్తే ఉబ్బి పగులుతుంది. 16 వోల్టులది కూడా దొరుకుతుంది గానీ కారులో అది మరీ అంచు మీద ఉంటుంది, వద్దు. అది కూడా బాధ అనిపిస్తే వదిలేయండి, పలచని గీతతో ఎవరూ గోడకి గుద్దరు.

కరీంనగర్_గ్రానైట్
మామా, నాదొక ప్రశ్న, కొత్త చర్చ తెరిచేంత పెద్దది కాదు. మా పన్నెండు చక్రాల లారీకి ఇలాంటి కెమెరానే పెడదామనుకుంటున్నా. క్వారీలో రివర్స్ తీయడం నరకం, క్లీనరు దిగి చెప్పాలి, దుమ్ములో వాడు నాకు కనపడడు. లారీలో రెండు బ్యాటరీలు, 24 వోల్టులు. ఒక బ్యాటరీ నుంచి 12 తీసుకుంటే సరిపోదా?

మల్టీమీటర్_మామ
వద్దు. ఒక్క బ్యాటరీ నుంచి తీస్తే అది ఎక్కువ దిగుతుంది, రెండోది నిండుగా ఉంటుంది. ఛార్జింగ్ రెండింటికీ కలిపే జరుగుతుంది కాబట్టి ఒకటి ఆకలితో, ఒకటి అజీర్తితో పోతాయి. రివర్స్ లైటు నుంచి నేరుగా తీస్తే 24 వచ్చి 12 వోల్టుల కెమెరా అక్కడికక్కడే కాలుతుంది. రెండు దార్లు. లారీల కోసమే 12 నుంచి 24 దాకా తట్టుకునే కెమెరాలు వస్తాయి. వాటికి పసుపు పిన్ను కాకుండా మర బిగించే నాలుగు కాళ్ల కనెక్టర్ ఉంటుంది, కుదుపులకి ఊడదు. అది కొనండి, దానితో వచ్చే స్క్రీనే వాడండి. లేదా 24 నుంచి 12కి దించే కన్వర్టర్ పెట్టి మామూలు కెమెరా వాడండి. మొదటిదే మేలు, కేబుల్ పొడవు కూడా లారీకి సరిపడా ఇస్తారు.

కరీంనగర్_గ్రానైట్
కారు కేబుల్ ఆరు మీటర్లే కదా, అతుకు వేసి పొడుగు చేస్తే?

మల్టీమీటర్_మామ
అతుకు దగ్గర బొమ్మ పాడవుతుంది, క్వారీ కుదుపులకి ముందు ఊడేది అదే. ఒకే ముక్క కేబుల్, ఛాసిస్ వెంబడి గొట్టంలో వేసి, సైలెన్సర్‌కి దూరంగా.

కరీంనగర్_గ్రానైట్
సరే మామా. నాలుగు కాళ్లదే చూస్తా. హైదరాబాద్ పోయే బండి డ్రైవర్‌కి చెప్పి తెప్పిస్తా, ఇక్కడ అడిగితే అందరూ కారువే చూపిస్తున్నారు.

బొలెరో_భాయ్_ములుగు
మామా, బొలెరోకి స్పేర్ టైరు మధ్యలో కెమెరా పెట్టొచ్చా? మా ఆవిడ అడుగుతోంది, నేను కాదు.

మల్టీమీటర్_మామ
టైరు మధ్యలో వద్దు భాయ్, టైరు మార్చినప్పుడల్లా వైరు విప్పాలి. నంబర్ ప్లేటు లైటు దగ్గర పెట్టండి. టైరు అంచు బొమ్మలో కొంచెం కనిపిస్తుంది, కానీ నేల కనిపిస్తుంది. 12 వోల్టుల బండే కాబట్టి పైన వ్యాగన్‌కి చెప్పిందంతా మీకూ వర్తిస్తుంది. సన్న ఎర్ర వైరుకి మాత్రం టేపు చుట్టకండి.